చందా నుంచి సెస్సు దాకా: ఒక పేపర్ల బల్ల ఆత్మకథ

నన్ను చేయించడానికి ఊరంతా చందాలు వేసుకుంది. ఉన్నవాళ్లు రూపాయో అర్ధరూపాయో ఇచ్చారు. లేనివాళ్లు కుప్పనూర్పిళ్లప్పుడు కళ్లం దగ్గర కుంచెడు ధాన్యం కొలిచి పోశారు. అదంతా డబ్బు చేసి బెజవాడ అడితిలో టేకు పలకలు కొని, కాలువ మీద పడవలో వేసి తెచ్చారు. ఊరి వడ్రంగి కూలి పుచ్చుకోలేదు. "ఇదే నా చందా అని రాసుకోండి బాబూ" అన్నాడు. రాసుకున్నారు. చందాల పుస్తకంలో అతని పేరుకు ఎదురుగా అంకె లేదు, "బల్ల" అని ఉంది. నా పుట్టుకకు దాఖలా అదే.

ఊరి పేరు చెప్పను. తెనాలి వైపు, కాలువ ఒడ్డున అనుకోండి. 1920 ప్రాంతంలో డెల్టాలో అలాంటి ఊళ్లూ, అలాంటి గ్రంథాలయాలూ, నాలాంటి బల్లలూ చాలానే ఉండేవి. పుస్తకాలు గోడవార బీరువాల్లో పెద్దమనుషుల్లా కూర్చునేవి. నాది పేపర్ల కొలువు. మద్రాసు నుంచి ఆంధ్రపత్రిక, బందరు నుంచి కృష్ణాపత్రిక టపాలో వచ్చేవి. పొలాల నుంచి జనం ఇళ్లు చేరి, కాళ్లు కడుక్కుని, చుట్ట ముట్టించుకుని వచ్చేసరికి లాంతరు వెలిగేది. చదవగలిగినవాడు ఒకడుంటే వినేవాళ్లు పాతికమంది. చీరాల-పేరాలలో జనం పన్ను కట్టబోమని ఊరు ఖాళీ చేసి పోయిన సంగతి, పెదనందిపాడు రైతులు శిస్తు నిరాకరించిన సంగతి ఇలాగే వినబడ్డాయి. ఒక్కో వాక్యానికి ఒక్కో పిడికిలి నా మీద పడేది. నాలుగు కాళ్లూ గట్టివి కాబట్టి తట్టుకున్నాను.

ఆ పత్రికలతో పాటు ఇంకొకటి కూడా వచ్చేది. పేరు గ్రంథాలయ సర్వస్వము. దాన్ని మాత్రం మా గ్రంథాలయం కార్యదర్శి గారు ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు, ముందు తానే చదివి వినిపించేవారు. దాని వెనక ఉన్న మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1914 ఏప్రిల్‌లో ఆయన పూనుకుని ఆంధ్ర జిల్లాల్లోని గ్రంథాలయాల వాళ్లను బెజవాడ రామమోహన గ్రంథాలయంలో సమావేశపరిచారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది అక్కడే. దేశంలో ఇలాంటి సంఘాల్లో మొదటిది ఇదేనని కార్యదర్శి గారు చెప్పినప్పుడల్లా గొంతు కాస్త పెంచేవారు.

గ్రంథాలయాలు అంతకు ముందు లేవని కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకోవడానికి తెలుగువాళ్లు తమంత తాముగా చేసుకున్న ఏర్పాట్లవి. కొమర్రాజు లక్ష్మణరావు గారి వంటివారు 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టి, బీరువాల్లోకి కావలసిన చరిత్ర పుస్తకాలు, సైన్సు పుస్తకాలు రాయించారు. ఇక బరోడాలో సయాజీరావు గాయక్వాడ్ 1910 నుంచీ తన సంస్థానమంతా ఉచిత గ్రంథాలయాలు పెట్టిస్తూ వచ్చాడు. అక్కడ ప్రభువు తలుచుకున్నాడు. మనకు అలాంటి ప్రభువు లేడు కాబట్టి కుంచెడు ధాన్యం వాళ్లే తలుచుకోవలసి వచ్చింది.

అలా తలుచుకున్న ఊళ్లు ఒకదానికొకటి తెలియకుండా ఉంటే ఏ ఊరి దీపం ఆ ఊళ్లోనే ఆరిపోతుంది. సంఘం చేసిన పని ఆ ఊళ్లను కలపడం. ఏ ఊళ్లో కొత్తగా గ్రంథాలయం తెరిచారు, ఎక్కడ మూతపడింది, మహాసభలో ఏం తీర్మానాలు చేశారు అనే కబుర్లు ఊరూరా చేరవేయడం ఒక ఎత్తు. అందరి తరఫునా సర్కారును అడగడం ఇంకో ఎత్తు. 1919 నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగిందంటే దాని వెనకా మనవాళ్ల పూనికే ఉంది. గ్రంథాలయ యాత్రలని బయల్దేరి ఊరూరా తిరిగేవారు, భజనలు చేసేవారు, పుస్తకాలు పంచేవారు. మా ఊరికి అలా వచ్చినవాళ్లు నా మీద అరటాకులు పరిచి భోజనం చేశారు. పేపర్లు పరిచే చోట పప్పూ పచ్చడీ వడ్డించినందుకు కార్యదర్శి గారి భార్య నొచ్చుకుని, వాళ్లు వెళ్లాక నన్ను కుంకుడురసంతో కడిగించింది.

ఉప్పు సత్యాగ్రహంలో కార్యదర్శి గారు జైలుకు పోతే తాళంచెవి ఆవిడ దగ్గరే ఉండిపోయింది. రోజూ వేళకు తలుపు తీసేది. లాంతరు చిమ్నీ తుడిచేది. పేపరు చదవడం ఆవిడకు నా దగ్గరే పట్టుబడింది.

1935లో మా కాలువ మీదికి నాకో పోటీదారు వచ్చింది. పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య ప్రయాణికుల పడవలో గ్రంథాలయం పెట్టించారు. కార్లూ బస్సులూ అరుదైన రోజులు. పడవెక్కితే గంటల కొద్దీ కూర్చోవాలి. ఆ కూర్చున్న గంటల్లో చేతికో పుస్తకం ఇస్తే పోలేదా అన్నది ఆయన ఆలోచన. అదీ చెక్కే, నేనూ చెక్కే. అది తిరుగుతుంది, నేను తిరగను. కొంచెం కుళ్లుకున్న మాట నిజమే.

ఇక మా వార్షిక సభ గురించి చెప్పాలి. ఏడాదికోసారి చందాదార్లందరూ నా చుట్టూ చేరేవారు. కార్యదర్శి గారు జమాఖర్చులు చదివేవారు. పత్రికల చందా ఇంత, తపాలా ఖర్చు ఇంత, జిల్దు కట్టించడానికి ఇంత, కిరసనాయిలుకు ఇంత. అక్కడ ఒక మోతుబరి రైతు చెయ్యెత్తేవాడు.

"ఆగండి పంతులుగారూ. పోయిన నెల కిరసనాయిలు రెండణాలు. ఈ నెల మూడణాలేమిటి?"

"దసరాకు పురాణం పెట్టించాం గదండీ. పొద్దుపోయేదాకా లాంతరు వెలిగింది."

"అయితే అది పురాణం పద్దులో రాయండి. పేపర్ల పద్దులో ఎందుకు రాశారు?"

ఒక్క అణా మీద అరగంట వాదన. కార్యదర్శి గారికి ఒళ్లు మండేది. కానీ మర్నాడే ఆ పద్దు దిద్దేవారు. అణా ఇచ్చినవాడు అణాకు లెక్క అడిగేవాడు. చూరు కారినా, బీరువాకు చెద పట్టినా, ఒక పత్రిక రాకపోయినా ఊరికి ఆ రోజే తెలిసేది.

అయితే ఆ రోజుల్లో అంతా బంగారమని చెబితే నా చెక్క పుచ్చిపోతుంది. చందా ఇచ్చినవాడు కుర్చీలో కూర్చునేవాడు. మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లు అరుగు కింద వాకిట్లో నిలబడి వినేవారు. నన్ను మోసుకొచ్చినవాళ్లలో వాళ్ల భుజాలూ ఉన్నాయి. తెచ్చి లోపల దించాక మళ్లీ నన్ను తాకే అవకాశం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. చందాల పుస్తకంలో పేరుంటేనే లోపలికి రానిస్తే, ఆ పుస్తకానికి ఎవరు ఎక్కాలో ఊరి పెద్దలే తేలుస్తారు. దయ మీద నడిచే సంస్థకు ఉన్న లోపం అది. దాన్ని సరిచేయడానికి చట్టం కావాలి.

ఆ చట్టం 1948లో వచ్చింది. మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి పట్టుదల ఫలమది. అప్పటికి మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి గనక మా ఊరికీ వర్తించింది. ఇంటి పన్ను ప్రతి రూపాయి మీదా ఆరు పైలు, అంటే అర్ధణా, గ్రంథాలయం కోసం కట్టాలి. ఇకమీదట గ్రంథాలయానికి దాతలు ఉండరు, పన్ను కట్టేవాళ్లు ఉంటారు. ఆ రెండిటికీ ఎంత తేడా ఉందో అప్పుడు ఊళ్లో ఎవరికీ పట్టలేదు. "ఇంకో పన్నా!" అని గొణుక్కుని కట్టేశారు. 1955లో హైదరాబాదు రాష్ట్రానికీ ఒక చట్టం వచ్చింది. రెండు ప్రాంతాలూ కలిశాక 1960లో ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ లైబ్రరీల చట్టం చేశారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు కన్నుమూసింది కూడా 1960లోనే. 1908లోనే పత్రికలో రాసిన రాతకు జైలుకు వెళ్లిన మనిషి, ఏళ్ల తరబడి గ్రంథాలయ సంఘాన్ని ముందుండి నడిపినవారు. విజయవాడలో సంఘం భవనానికి ఆయన పేరే పెట్టుకున్నారు, సర్వోత్తమ భవనం అని.

మా గ్రంథాలయం జిల్లా గ్రంథాలయ సంస్థ చేతికి పోయిన రోజు నాకు బాగా గుర్తు. ఒక గుమాస్తా వచ్చి బీరువాలు, కుర్చీలు, గోడ గడియారం, నన్ను వరసగా రిజిస్టరులో ఎక్కించాడు. తెల్లరంగు డబ్బాలో కుంచె ముంచి నా కాలి మీద ఒక నంబరు వేశాడు. గుమ్మం మీద పాత బోర్డు దించి "శాఖా గ్రంథాలయం" అని కొత్త బోర్డు కట్టాడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం పల్లె నుంచి హైస్కూలు కుర్రాడు ఒకడు వచ్చి గుమ్మం దగ్గర ఆగాడు. గ్రంథపాలకుడు తలెత్తి చూశాడు. "నిలబడ్డావేం? కూర్చో. ఆ చివర పేపరుంది" అన్నాడు. కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని రెండు చేతులూ నా మీద ఆన్చాడు. అరచేతులు చెమటతో తడిసి ఉన్నాయి. నన్ను మోసిన భుజాల్లో అతని తాతవి కూడా ఉన్నాయేమో. నా మట్టుకు నేను అప్పుడే నిజంగా ఊరుమ్మడి సొత్తునయ్యాను.

తరువాతి పాతికేళ్లూ మంచి రోజులు. వారపత్రిక వచ్చే రోజున సీరియల్ కోసం గుమ్మం దగ్గర జనం మూగేవారు. ఆడవాళ్లు పిల్లల చేత చీటీలు పంపి నవలలు తెప్పించుకునేవారు. కలకత్తాలో 1972లో రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ పెట్టాక ఆ ముద్రతో కూడా కొత్త పుస్తకాలు రావడం మొదలైంది. గ్రంథపాలకుడు పుస్తకాలకు మందులు వేసే డాక్టరు కూడా. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, నా కుడి మూల గిన్నె పెట్టుకుని, ఊడిన అట్టలు అతికేవాడు. తేదీల కాగితం నిండితే దాని మీద ఇంకోటి అంటించేవాడు. ఒక నవలకు అలా ఎన్ని కాగితాలు పడ్డాయంటే వెనక అట్ట ముందు అట్టకంటే లావైంది. ఆ మైలుతుత్తం చేసిన నీలి మచ్చ నా మీద ఇప్పటికీ ఉంది.

ఇంతలో ఊరు ఒక సంగతి మరిచిపోయింది. లెక్క అడగడం.

వార్షిక సభ లేదు. జమాఖర్చులు నా మీద చదివేవాళ్లు లేరు. సర్కారు చూసుకుంటుందిలే అనుకున్నారు. సర్కారు ఎలా చూసుకోవాలో చట్టంలో స్పష్టంగానే ఉంది. ఇల్లున్న ప్రతివాళ్లూ పంచాయతీకో మునిసిపాలిటీకో ఇంటి పన్ను కడతారు. దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తోందన్నమాట. వసూలు చేసినవాళ్లు ఆ డబ్బును జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. ఇందులో పంచాయతీ పని పోస్టుమాన్ పని. మనకు రావలసిన మనియార్డరును పోస్టుమాన్ తన ఇంటి సరుకులకు వాడుకుని, "వచ్చే నెల ఇస్తాలెండి" అంటే ఊరుకుంటామా? సెస్సు విషయంలో ఏళ్ల తరబడి ఊరుకున్నాం. పంచాయతీకీ దాని ఇబ్బందులున్నాయి. కరెంటు బిల్లు కట్టకపోతే వీధి దీపాలు ఆరిపోతాయి. పారిశుద్ధ్య కార్మికుడికి జీతం ఆగితే చెత్త పేరుకుపోతుంది. మంచినీళ్ల మోటారు కాలితే ఆ పూటే బిందెలు పట్టుకుని జనం వస్తారు. గ్రంథాలయానికి కొత్త పుస్తకం రాకపోతే బిందె పట్టుకుని వచ్చేవాళ్లెవరు? గొడవ చెయ్యని ఖర్చే ముందు ఆగిపోతుంది.

ఆగితే ఏమవుతుందో నా దగ్గర కూర్చుని చూడండి. మొదట పత్రికల సంఖ్య తగ్గింది. మాసపత్రికలు పోయాయి, తర్వాత వారపత్రికలు. దక్షిణం వైపు శ్లాబు ఉరిసి పెచ్చులూడింది, నన్ను గోడ నుంచి గది మధ్యకు జరిపారు. గ్రంథపాలకుడు రిటైరయితే ఆ ఖాళీలో ఇంకొకరు రాలేదు. పక్క ఊరాయనకే ఇన్‌ఛార్జి ఇచ్చారు. ఆయన రోజు విడిచి రోజు వస్తారు. రాని రోజున తాళం. టీవీలొచ్చి, ఫోన్లొచ్చి జనం చదవడం మానేశారంటారు. మూసి ఉన్న తలుపు ముందు నిలబడి వెనక్కు వెళ్లినవాళ్లను ఆ లెక్కలో కలపరు.

జనం రావడం మానలేదు, రకం మారింది. పొద్దున్నే పెన్షనర్లు వస్తారు. "ఆ జిల్లా పేజీ ఇటు ఇవ్వు బాబాయ్" అని ఒకరు, "ఉండవయ్యా, చావుకబుర్లు చూస్తున్నా" అని ఇంకొకరు. పది దాటాక ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు వస్తారు. గ్రూపులు, డీఎస్సీ, పోలీసు కానిస్టేబుల్. హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయంలో ఇలాంటి పిల్లలతో ఇసుక వేస్తే రాలదట, ఇక్కడినుంచి వెళ్లి చదివొచ్చిన కుర్రాడు చెప్పాడు. మా ఊళ్లో పది పన్నెండు మందే. ఇళ్లల్లో చోటు చాలని పిల్లలు, కోచింగుకు డబ్బు లేని పిల్లలు. పుస్తకాలు సొంతంగా తెచ్చుకుంటారు. వాళ్లకు గ్రంథాలయం ఇస్తున్నది నన్నూ, ఒక ఫ్యానునూ.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. నెహ్రూ పుట్టినరోజు కాబట్టి పిల్లలకు వ్యాసరచన పోటీలు, మిఠాయిలు. మద్రాసు మహాసభ జరిగిన తేదీ కూడా అదేనని పాతవాళ్లెవరో వస్తే తప్ప చెప్పరు. పోయినసారి వచ్చారు. సంఘంలో పనిచేసే ఒక పెద్దాయన, చేతిసంచిలో గ్రంథాలయ సర్వస్వం సంచికలు. ఆ పత్రిక ఇంకా వస్తోందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. కూర్చుని పిల్లల్ని అడిగారు.

"మీలో ఎవరింట్లోనైనా ఇంటి పన్ను రసీదు ఉందా అమ్మా?"

గ్రూప్ టూకు చదివే అమ్మాయి ఇంటికి వెళ్లి తెచ్చింది. నా మీద పరిచి వేలు పెట్టి ఒక్కో గడీ చదివింది. ఇంటి పన్ను, నీటి పన్ను, లైటింగు. ఆ కింది గడిలో గ్రంథాలయ సెస్సు. ఆగి, మళ్లీ చదివింది.

"ఇదంటే మాకే కదండీ?"

"మీకే."

"మరి ఈ డబ్బు ఎక్కడికి పోయింది?"

పెద్దాయన నవ్వారు. "అడగవలసినవాళ్లను అడగాలి. నన్నడిగితే ఎలా?" అన్నారు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ నా మీద కాగితాలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు: మూడేళ్లలో ఊళ్లో వసూలైన సెస్సు ఎంత, జమచేసింది ఎంత, బాకీ ఎంత. రెండోది గ్రామసభకు అర్జీ. సంఘం తరఫున పైవాళ్లకు పంపే వినతిపత్రంలో ఉన్నవే అందులోనూ రాశారు: సెస్సు బకాయిలు జమచేయండి, గ్రంథపాలకుల ఖాళీలు భర్తీ చేయండి, కొత్త పుస్తకాలు కొనండి. పెన్షనర్లు సంతకాలు పెట్టారు. పేపరు చదవడానికి తప్ప పెన్ను తీయని ఒకాయన తన పేరుకింద "ఇంటి పన్నుదారు" అని కూడా రాశాడు. అది చూసి మిగతావాళ్లు కూడా వెనక్కు వచ్చి అలాగే రాసి వెళ్లారు.

దరఖాస్తుకు జవాబు వచ్చింది, అంకెలతో సహా. బాకీ ఉందని పంచాయతీవాళ్లే రాసిచ్చారు. మొత్తం ఇంకా జమకాలేదు. కొంత కదిలింది. రెండు మాసపత్రికలు మళ్లీ వస్తున్నాయి. శ్లాబు సంగతి వచ్చే గ్రామసభలో పెడతారట.

సంఘానికి నూరేళ్లు దాటాయి. నేనూ ఆ దగ్గరలోనే ఉన్నాను. ఇన్నేళ్లు పేపర్లు మోసిన అనుభవంతో ఒకటి చెబుతాను. చందా రోజుల్లో హక్కు కొందరిదే, లెక్క మాత్రం అందరి ఎదుటా తేలేది. సెస్సు వచ్చాక హక్కు అందరిదీ అయింది, లెక్కే ఎవరికీ పట్టకుండా పోయింది. ఈ రెండూ ఒకచోట చేరితే గ్రంథాలయానికి దాతలతో పనిలేదు. అందుకు సంఘం ఒక్కటే చాలదు. సంఘం కబురు మోయగలదు, అర్జీ రాయించగలదు. అర్జీ కింద పేరు మీది ఉండాలి. మీ ఇంట్లో పన్ను రసీదు ఎక్కడుందో వెతికి, ఆ గడి చూసి, అంకె ఎంతో కాగితం మీద రాసుకుని, గ్రామసభ రోజున పట్టుకుని వెళ్లండి. రాసుకోవడానికి చోటు లేదంటారా? తాళం తీసి ఉన్న రోజున మా దగ్గరికి రండి. నేను ఖాళీగానే ఉంటాను.